గుండు తాత గొంతు

ఏప్రిల్ 28, సోమవారం

ఎరువుల కొట్టువాడు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఉగాది దాటినా బీరువా మీద ఊరికే పడి ఉంది. ఇవాళ దించి దుమ్ము దులిపాను. నేను చదివింది అయిదో తరగతి, అదీ సగం. అక్షరాలు వంకర పోతే పోనీ. చదివేవాడెవడు? నేనే.

ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో నన్ను అరవొద్దంటున్నారు. నేను అరవడం లేదు, మాట్లాడుతున్నాను. నా గొంతే అంత. మునేటికి ఇవతలి గట్టున నిలబడి పిలిస్తే అవతలి చేలో కూలీలు తలెత్తేవాళ్ళు. మొక్కజొన్న మీద పడ్డ అడవిపందులు నా ఒక్క కేకకి వచ్చిన దారి పట్టేవి. అప్పుడు ఊరందరికీ పనికొచ్చిన గొంతు ఇది. పొలం కౌలుకిచ్చి నందిగామలో ఇంటిపట్టున కూర్చున్నాక అదే గొంతు అందరికీ చేదైంది.

"అరవాలనిపిస్తే కాగితం మీద అరవండి. దానికి చెవులుండవు" అంది మా ఆవిడ రాఘవమ్మ. సరే.

సంగతేమిటంటే, కోడలు నాగశ్రీకి నందిగామ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. మా అబ్బాయి సతీష్‌బాబుది జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని, కాపురం పేటలోనే. నాగశ్రీ రోజూ బస్సులో ఇక్కడికి వచ్చి పోతుంది. వస్తూ మా మనవరాలు గీతాంజలిని తెచ్చి మా ఇంట్లో దించి, సాయంత్రం తీసుకుపోవచ్చు. పిల్లకి మూడేళ్ళు. బ్యాంకు మా ఇంటికి రెండు సందుల అవతల. కాదంటే పేటలోనే తన పుట్టింట్లో వదిలి రావాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

ఉందట. పిల్ల నన్ను చూస్తే ఏడుస్తుందట.

ఏప్రిల్ 29, మంగళవారం

పిల్ల ఏడుపు నా తప్పు కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయినేడు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడిలో పుట్టువెంట్రుకలు తీయించాం. ఆచారం ప్రకారం మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. మేనమామ నవీన్‌బాబు కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు, చేతుల్లో పట్టు లేదు. పిల్ల పాములా జారిపోతోంది. కత్తి పట్టినాయన, "ఎవరైనా గట్టిగా పట్టుకోండయ్యా, తెగుద్ది" అన్నాడు. నేను పట్టుకున్నాను. రెండు చేతుల మధ్య తల, మోకాళ్ళ మధ్య కాళ్ళు. "కదలకు" అన్నాను. అంతే అన్నాను. ఆ మాట బయట కొబ్బరికాయల కొట్టు దగ్గరున్న తనకి వినపడిందంటుంది రాఘవమ్మ. వినపడితే వినపడింది.

ఒక్క గాటు పడలేదు. నిమ్మపండులా వచ్చింది గుండు. ఎవరైనా మెచ్చుకున్నారా? ఆ రోజు నుంచి నేను కనపడితే చాలు, పిల్ల రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని పరిగెడుతుంది. నాకు గుండు తాత అని పేరు పెట్టింది. అటు తాత చాక్లెట్ తాత.

మే 4, ఆదివారం

పేట వెళ్ళొచ్చాం.

చాక్లెట్ తాత అంటే మా వియ్యంకుడు భవానీప్రసాద్. సిమెంటు డీలరు. మాట వెన్న రాసినట్టుంటుంది. గుమ్మంలోనే, "రండి బావగారూ, రండి. అబ్బ, ఎండకి మీరే నల్లబడ్డారా, మీసమే నల్లబడిందా?" అన్నాడు. రంగు వేశానని ఎత్తిపొడుపు.

పిల్ల ఆయన భుజం మీద ఉంది. నన్ను చూసింది. చేతులు నెత్తి మీదకి పోయాయి. ఇక ఏడుపే ఏడుపు. నేను "ఏడవకు" అన్నాను. ఇంకా పెద్దదైంది. చివరికి నన్ను వరండాలో కూర్చోబెట్టి భోజనం అక్కడికే పంపారు. సొంత కొడుకు పెళ్ళాం పుట్టింట్లో, చెప్పుల పక్కన.

వచ్చేటప్పుడు నాగశ్రీ నెమ్మదిగా చెప్పింది. "మామయ్యగారూ, మీకు కోపం రాకూడదు. రోజంతా ఏడిస్తే నేను బ్యాంకులో కూర్చోలేనండి. పద్దెనిమిదో తారీఖు ఆదివారం అందరం కీసర దగ్గర జంతువుల పార్కుకి వెళ్దాం. ఆ రోజు కాస్త అలవాటు పడిందా, మీ దగ్గరే. లేదంటే అమ్మ దగ్గర ఉంచేస్తాను."

పరీక్ష. ఈ వయసులో నాకు పరీక్ష. అదీ పార్కులో.

మే 5, సోమవారం

నాకేం బెంగ లేదు. బెంగంతా రాఘవమ్మకే. చిన్న స్టీలు గిన్నె, చిన్న చెంచా కొని తెచ్చింది. ఎవరికని నేను అడగలేదు, తను చెప్పలేదు. కడిగి పై అరలో పెట్టింది.

మే 9, శుక్రవారం

మీసం తీసేయమంటోంది రాఘవమ్మ. తీయను. ప్రాణం పోయినా తీయను.

మే 10, శనివారం

మీసం కొంచెం కత్తిరించాను. ఎండలకి చెమట పడుతోంది, అందుకు.

మే 13, మంగళవారం

మెల్లగా మాట్లాడటం సాధన చేస్తున్నాను. పొద్దున పాలబ్బాయితో చేశాను. "ఒంట్లో బాలేదా పెదనాన్నా?" అన్నాడు. మందుల కొట్లో చేశాను. "ఆఁ? ఆఁ?" అని మూడుసార్లు అడిగి వాడే నా మీద అరిచాడు.

మెల్లగా మాట్లాడితే మనిషిని లెక్కచేయరు. ఇది నేను ముందే చెప్పాను.

మే 17, శనివారం

రేపే. రాఘవమ్మ షరతు పెట్టింది. పార్కులో నేను నోరు విప్పకూడదు. "పిల్లతోనేనా?" అన్నాను. "ఎవ్వరితోనూ. మీరు టిక్కెట్లవాడితో మాట్లాడినా దానికి దడుపే" అంది. ఒట్టు వేయించుకుంది.

నాకేం బెంగ లేదు. నిద్రపట్టకపోవడం ఉక్కకి.

మే 19, సోమవారం

పొద్దున్నే కూర్చున్నాను, కాఫీ కూడా తాగలేదు. అన్నీ వరసగా రాయాలి. ఒక్కటి పోకూడదు.

నిన్న ఎండ తగ్గాక భవానీప్రసాద్ తన పెద్ద కారు తెచ్చాడు. వియ్యపురాలు సౌభాగ్యమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేదు. సతీష్ నడిపాడు. ముందు సీట్లో వియ్యంకుడు, ఆయన ఒళ్ళో పిల్ల. మధ్యలో రాఘవమ్మ, నాగశ్రీ. నన్ను అందరికంటే వెనక, సామాన్లు పెట్టే చోట మడత సీటు విప్పి మంచినీళ్ళ క్యాను పక్కన కూర్చోబెట్టారు. పిల్లకి కనపడకూడదని తల వంచుకోమన్నారు. వంచుకున్నాను.

"గుండు తాత వచ్చాడా?" అని అడిగింది పిల్ల.

"రాలేదు తల్లీ" అన్నాడు వియ్యంకుడు.

నేను రాలేదట! నోరు తెరిచాను. రాఘవమ్మ చెయ్యి వెనక్కి వచ్చి నా మోకాలు గిల్లింది. మూశాను.

కీసర టోల్‌గేటు దాటాక రోడ్డు పక్కనే ఆ పార్కు. గేటే సింహం తల. నోరు తెరుచుకుని ఉంటుంది, మనం నోట్లోంచి లోపలికి పోవాలి. పళ్ళు ఒక్కొక్కటి నా అంత ఎత్తు. పిల్ల చప్పట్లు కొట్టుకుంటూ దాని నోట్లోకి పరిగెత్తింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. కారు దిగుతున్న నన్ను చూసింది. చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుని కెవ్వుమంది.

సింహం నోట్లో నిలబడి, నన్ను చూసి.

"ఫర్వాలేదండీ" అన్నాడు టిక్కెట్లవాడు. "లోపల పులులూ సింహాలూ ఉన్నాయి. సర్దుకుంటది."

వాడికి ఏం చెప్పాలో నాకు తెలుసు. చెప్పలేదు. ఒట్టు.

లోపల అన్నీ బొమ్మ జంతువులే, నిజమంత పెద్దవి. ఒక్కోదాని ముందు ఒక బండ ఉంటుంది. బండ మీద కాలేసి తొక్కితే తల ఊపుతుంది, పొట్టలో స్పీకరు అరుస్తుంది. పిల్లలు తొక్కడం, అవి అరవడం. మా పిల్ల సింహాన్ని తగులుకుంది. దాన్ని వదిలి రాదు. తొక్కడం, అది అరవగానే పడీపడీ నవ్వడం. ఆ సింహం అరుపు నా అరుపుకంటే పెద్దది. ఈ మాట నేను రాఘవమ్మకి చెప్పాలనుకున్నాను. సైగ చేశాను. తనకి అర్థం కాలేదు.

నేను ముప్ఫై అడుగుల వెనక నడిచాను, దొంగలాగా. మొసలి రైలు దగ్గర ఎవడో లావుపాటి మనిషి లైను మధ్యలో దూరాడు. గొంతు దాకా వచ్చింది. మింగాను. పచ్చి మిరపకాయ మింగినట్టైంది.

"బావగారూ, మౌనవ్రతమా?" అన్నాడు భవానీప్రసాద్.

తల ఊపాను.

"మీరు మాట్లాడితే పిల్లకే భయం. మాట్లాడకపోతే అందరికీ భయంగా ఉందండీ" అన్నాడు. ఒక చాక్లెట్ నా చేతిలో కూడా పెట్టాడు. తిన్నాను. ఏం చేస్తాను?

రాఘవమ్మ రెండుసార్లు ప్రయత్నం చేసింది. పిల్లని ఎత్తుకుని కబుర్లు చెబుతూ మెల్లగా నా వైపు నడిచేది. సగం దూరం రాగానే పిల్ల చేతులు నెత్తికి పోయేవి. రెండోసారి నేనే వెనక్కి జరిగాను.

జిరాఫీ ఉయ్యాల వెనక కూర్చుని ఉంటే, నేనున్నది తెలియక నాగశ్రీ సతీష్‌తో అంటోంది. "ఇంకేం చూస్తామండీ. అమ్మ దగ్గరే ఉంచేస్తా. అత్తయ్యకి మీరే చెప్పండి, నేను చెప్పలేను."

"చెబుతాలే" అన్నాడు సతీష్.

చెప్పక్కర్లేకపోయింది. రాఘవమ్మ అక్కడే, ఉయ్యాలకి అటు పక్క నిలబడి ఉంది. విన్నది. చేతిలో పాప్‌కార్న్ పొట్లం ఉంది. అందులో ఒక్కటి తినలేదు. పొట్లం మూతి మడిచి, ఇంకో మడత వేసి, ఇంకో మడత వేసి, చేతిసంచిలో పెట్టుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

నాకేం బెంగ లేదని రాద్దామనుకున్నాను. వద్దులే.

అప్పుడే గాలిదుమారం లేచింది. పడమటి నుంచి ఎర్రమట్టి. చొక్కాల్లో, కళ్ళలో, ఐస్‌క్రీముల్లో మట్టి. గాలి ఒక్క ఊపు ఊపి పోయింది, కరెంటు కూడా తీసుకుపోయింది. ఒక్క దెబ్బకి పార్కంతా మూగదైంది. ఏనుగు తొండం పైకెత్తి అలాగే ఆగింది. సింహం నోరు సగం తెరిచి, మెడ ఒక పక్కకి వాల్చి ఉండిపోయింది.

మా పిల్ల బండ తొక్కింది. అరవలేదు. ఎగిరి తొక్కింది. అరవలేదు.

"తాతా, సింహం చచ్చిపోయింది" అంది వియ్యంకుడితో. ఇక పెట్టింది చూడూ రాగం. నన్ను చూసి ఏడ్చే ఏడుపు కాదిది. ఆ ఏడుపులో కోపం ఉంటుంది. ఇందులో దుఃఖం ఉంది, పెద్దవాళ్ళలాగా.

"నిద్రపోయిందమ్మా. ఇదిగో చాక్లెట్."

చాక్లెట్ తీసి నేలకేసి కొట్టింది. ఇది నేను కళ్ళారా చూశాను.

"జనరేటర్ వేయండయ్యా!" అన్నాడు సతీష్.

"డీజిలు తేవడానికెళ్ళాడండీ మావాడు. వచ్చేస్తాడు" అన్నాడు పార్కువాడు. అన్ని బొమ్మల దగ్గరా అందరి పిల్లలూ అందుకున్నారు.

నేను వెళ్ళాలని వెళ్ళలేదు. కాళ్ళు వెళ్ళాయి. సింహం వెనక క్రోటన్ మొక్కలు గుబురుగా ఉన్నాయి. వాటిలో దూరి, సింహం వీపుకి ఆనుకుని నిలబడ్డాను. ఒట్టు గుర్తుంది. నోరు విప్పనన్నది నేను. సింహం నోరు విప్పితే నాకేం సంబంధం?

ఆంబోతు వేసే రంకెను కడుపులోంచి లాగాను. చివర అడవిపందుల్ని తోలే కేక తగిలించాను. అరిచాను. ఇన్నాళ్ళూ పాలబ్బాయి దగ్గరా, మందుల కొట్లోనూ, మొసలి రైలు దగ్గరా మింగింది మొత్తం అందులో పోయింది. క్రోటన్ ఆకుల మీద మట్టి రాలింది.



తర్వాత మా పిల్ల గొంతు. "బతికిందీ!"

మళ్ళీ బండ తొక్కిన చప్పుడు. మళ్ళీ అరిచాను. నవ్వింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ అరిచాను. మిగతా పిల్లలు ఏడుపులు ఆపి పరిగెత్తుకొచ్చారు. ఆకుల సందులోంచి చూస్తే రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. తనకి మొదటి అరుపుకే తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది?

వియ్యంకుడికి కూడా తెలిసింది. ఆయన చేసిన పని రాయకపోతే తప్పు. గట్టిగా, నాకు వినపడేలా, "ఇప్పుడు మనం ఏనుగు దగ్గరికి వెళ్తున్నామూ! మెల్లగా వెళ్తున్నామూ!" అని చాటింపు వేశాడు. పిల్లలందర్నీ ఆపి ఆపి నడిపించాడు. నేను మొక్కల వెనక నుంచి వంగి పరిగెత్తాను. ఏనుక్కి ముక్కు మూసుకుని అరిచాను. బాగానే కుదిరింది. "ఎలుగుబంటి దగ్గరికి వెళ్తున్నామూ!" అన్నాడు. ఎలుగుబంటి సులువు. నా గురకే అది.

పులి దగ్గర దెబ్బతిన్నాను. రొప్పు వచ్చింది. పంచె ముళ్ళకంపకి చిక్కింది. విడిపించుకుంటూనే అరిచాను. అరుపు సగంలో ఉండగా మా పిల్ల బండ తొక్కడం వదిలేసి, తోక చూద్దామనో ఏమో, పులి వెనక్కి వచ్చింది.

అక్కడ అరుస్తున్న పులి లేదు. నేనున్నాను, నోరు తెరుచుకుని.

నోరు మూశాను. పిల్ల చేతులు రెండూ లేచాయి. నెత్తి మీదకి పోతున్నాయి. వెనకే అందరూ వచ్చారు. సతీష్, నాగశ్రీ, వియ్యంకుడు, రాఘవమ్మ. అయిపోయింది అనుకున్నాను. నేను ఆ మాట కూడా అనలేదు.

పిల్ల పులి వీపు చూసింది. నా నోరు చూసింది. చేతులు చెవుల దగ్గర ఆగాయి.

"నువ్వేనా?"

తల ఊపాను.

"సింహం కూడా నువ్వేనా?"

ఊపాను.

"ఏనుగు?"

ఊపాను.

చేతులు కిందికి దిగాయి. దిగి, నడుము మీదకి పోయాయి, వాళ్ళ నాయనమ్మలాగా. "మళ్ళీ అరువు" అంది.

నా బతుకులో అరవొద్దన్నవాళ్ళున్నారు. మా అమ్మ అంది. బడిలో పంతులు అన్నాడు. పెళ్ళాం రోజూ అంటుంది. మళ్ళీ అరవమని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఇది ఒక్కతే. కానీ ఒట్టు ఉంది. రాఘవమ్మ వైపు చూశాను.

"చూస్తారేంటండీ! అడుగుతోందిగా, అరవండి!" అని అరిచింది రాఘవమ్మ. తనే అరిచింది.

అరిచాను. పిల్ల దగ్గరికొచ్చింది. అరుపు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని నా గొంతు మీద చెయ్యి పెట్టింది. చిన్న చెయ్యి, జిగటగా ఉంది. అలాగే పెట్టుకుని, "పులి" అంది. పులి అరిచాను. "సింహం" అంది. సింహం. "పిల్లి" అంది. పిల్లి కూడా చేశాను. నందిగామలో ఎవడైనా చూసి ఉంటే పరువు పోయేది. పోతే పోయింది.

ఇంతలో డీజిలు వచ్చింది. అన్ని బొమ్మలూ ఒక్కసారి తలలు ఊపి అరిచాయి. మా పిల్ల చెవులు మూసుకుని, "ఛీ, అవి బాలేదు. గుండు తాతదే బాగుంది" అంది. నలుగురూ విన్నారు. టిక్కెట్లవాడు కూడా విన్నాడు. వాడు వినాలనే నేను పిల్లని ఎత్తుకుని సింహం నోట్లోంచి, వాడి ముందు నుంచి బయటికొచ్చాను.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో నేను. నా ఒళ్ళో పిల్ల. మడత సీట్లో, మంచినీళ్ళ క్యాను పక్కన, మా వియ్యంకుడు.

"బావగారూ, వెనక సీటు ఎలా ఉంది?" అన్నాను. మెల్లగానే అన్నాను.

"విశాలంగా ఉందండీ. మోకాళ్ళు మాత్రం కారు బయట పెట్టుకున్నాను" అన్నాడు. మనిషి మంచివాడే.

మా గుమ్మం ముందు దిగేటప్పుడు నాగశ్రీ, "మామయ్యగారూ, రెండో తారీఖు తొమ్మిదింటికల్లా తీసుకొస్తానండి" అంది. అంతే అంది. రాఘవమ్మ లోపలికి పోయి పై అరలోంచి గిన్నె, చెంచా దించి మళ్ళీ కడిగింది.

మే 21, బుధవారం

గొంతు పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. డాక్టరు వారం పాటు మాట్లాడొద్దన్నాడు. "ఏం చేశారు?" అని అడిగాడు. సతీష్ చెప్పాడు. డాక్టరు నమ్మలేదు.

రాఘవమ్మ సుఖపడుతుందనుకున్నాను. పూటకోసారి ఉప్పునీళ్ళు కాచి తెస్తోంది. "త్వరగా బాగుచేసుకోండి. పిల్ల వస్తే ఏం చేస్తారు?" అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో నా గొంతు బాగుపడాలని తను కోరుకోవడం ఇదే మొదటిసారి.

మే 30, శుక్రవారం

సాయంత్రం డాబా మీదికెళ్ళి సింహం వేసి చూశాను. ఎదురింటి పావురాలు లేచిపోయాయి. కింద వంటింట్లోంచి రాఘవమ్మ, "వచ్చింది!" అంది.

జూన్ 2, సోమవారం

చెప్పిన టైముకి తెచ్చింది నాగశ్రీ. కోడలు సందు మలుపు తిరిగేదాకా పిల్ల చెయ్యి ఊపింది. తిరిగాక ఏడ్చింది. నేను దగ్గరికి పోలేదు. అది అమ్మ కోసం ఏడుపు, నన్ను చూసి కాదు. మెట్టు మీద కూర్చున్నాను. అరవలేదు, ఊరుకోబెట్టలేదు. కాసేపటికి అదే వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుని ముక్కు నా పంచెకి తుడుచుకుంది.

రాఘవమ్మ పప్పన్నం పెట్టింది. తిని పడుకుంది. లేచి ఏడుస్తుందేమోనని మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మూడింటికి లేచింది. కొత్త ఇల్లు చూసింది, పెదవి వంకర పెట్టింది, అంతలో నేను కనపడ్డాను.

"సింహం" అంది.

వేశాను. ఇంటి కిటికీలు అదిరేలా వేశాను. పడీపడీ నవ్వింది. మళ్ళీ అంది, మళ్ళీ వేశాను.

గోడ మీదుగా పక్కింటి రాజ్యశ్రీ తల కనపడింది. దానికి చంటిపిల్లాడు. "బాబాయిగారూ, కాస్త మెల్లగా అండీ! మా బాబు ఇప్పుడే పడుకున్నాడు."

"మీవాడు పడుకున్నాడు, సరేనమ్మా" అన్నాను. "మా పిల్ల లేచింది."